మాడిన టెంకాయ చెట్లు: కొట్టేయాలా, ఆగాలా?

జనవరి చివర

కాణిపాకం దగ్గర మా చిన్నాయన చేను గట్టు మీద ఐదు టెంకాయ చెట్లున్నాయి. పన్నెండు పదమూడేళ్ళవి, నిచ్చెన వేస్తే మొవ్వు చేతికందే ఎత్తు. పక్క చేనులో చెరుకు నరికాక సోగకు, అంటే ఎండిన చెరుకు ఆకుకు, నిప్పు పెట్టారు, మధ్యాహ్నం గాలి మళ్ళింది, మంట మా గట్టెక్కింది. కాసేపట్లోనే అంతా అయిపోయిందట. బావి వైపు నుంచి లెక్కపెడితే ఒకటో చెట్టుకు కింది మట్టలు మాత్రమే కమిలాయి. రెండు, మూడు, నాలుగు పైదాకా గోధుమ రంగుకు తిరిగాయి. ఐదోది విచిత్రం, తల పచ్చగానే ఉంది కానీ మాను ఒక పక్క మనిషెత్తు దాకా బొగ్గు.

నేనుండేది తిరుపతిలో. ఫోను రాగానే వెళ్ళి చూసేసరికి ఇటుకల బట్టీకి కట్టె కొనే ఆయన అప్పటికే వచ్చి మానులు కొలుస్తున్నాడు. "నిప్పు తగిలిన టెంకాయ లేవదురా అబ్బోడా, ఇప్పుడే ఇచ్చేస్తే నాలుగు డబ్బులొస్తాయి" అని చిన్నాయన మాట. వానలు పోయేదాకా ఆగు చిన్నాయనా, కట్టె ఎక్కడికీ పోదు కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, అలాగని కాదనలేదు కూడా. అక్కడి నుంచే ఈ డైరీ.

ఆగమనడానికి కారణం మా బావమరిది. వాడు హ్యూస్టన్‌లో ఉంటాడు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టింది గుర్తుందా, కరెంటు పోయి జనం ఇళ్ళల్లో స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నారు, ఆ వారం. ఫిబ్రవరి 16న హ్యూస్టన్‌లో 13 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పడింది, మన లెక్కలో మైనస్ 10.5. తిరుపతిలో పదిహేనుకు దిగితేనే మఫ్లర్లు బయటికొస్తాయి, మేం గడ్డకట్టిన నీళ్ళు చూసేది ఫ్రిజ్‌లోనే, కాబట్టి ఆ నంబరు నాకు మొదట ఎక్కలేదు. వాడి ఇంటి ముందర రెండు పామ్ చెట్లు. ఒకటి వాషింగ్టోనియా, విసనకర్ర ఆకులది, మన తాటి వాటం. ఇంకోటి క్వీన్ పామ్, టెంకాయకు దగ్గరి చుట్టం, ఆకు కూడా అలాగే ఉంటుంది. రెండూ మొదట నీళ్ళల్లో ఉడికించిన ఆకుకూరలా వేలాడాయి, వారం పది రోజుల్లో గోధుమ రంగుకు తిరిగాయి. కాలనీలో చాలామంది మార్చిలోనే కొట్టించేశారు. వీడు బద్ధకంతోనో లోభంతోనో ఆగాడు. క్వీన్ పామ్ పోయింది. వాషింగ్టోనియా ఎండాకాలంలో మొవ్వు తోసింది, ఇప్పుడు చూస్తే దానికి ఎప్పుడైనా ఏమైనా అయిందా అన్నట్టుంది. ఆ ఏడాదంతా వాడు వీడియో కాల్‌లో చెట్టు చూపించీ చూపించీ నా ప్రాణం తీశాడు, ఇప్పుడు ఆ కాల్సే పనికొస్తున్నాయి.

చలి వేరు, మంట వేరు అని మీరనొచ్చు, నిజమే. చలి గంటల తరబడి లోపలికి దిగుతుంది, కణాల్లో నీళ్ళు గడ్డకట్టి చీలుస్తాయి. సోగ మంట పై నుంచి కాల్చి పోతుంది. కానీ తర్వాత అడగాల్సింది రెండు చోట్లా ఒకటే: మొవ్వు బతికుందా? మామిడి, వేప కొమ్మలన్నీ మాడినా మానులో ఎక్కడో ఒకచోట కన్ను పగిలి చిగురొస్తుంది. టెంకాయకు ఆ సౌకర్యం లేదు. చెట్టు మొత్తానికి పెరిగే చోటు ఒక్కటే, తల మధ్యలో, మట్టల మొదళ్ళు పొరలు పొరలుగా చుట్టుకున్న లోపల. అది పోతే చెట్టు పోయినట్టే, పక్క నుంచి పిలకలు కూడా రావు (ఖర్జూరానికైతే పిలకలుంటాయి). అది బతికుంటే, పైనున్న మట్టలన్నీ మాడిపోయినా ఇంకా కథ ఉంది. బయటి ఆకుల రంగు చూసి ఏదీ తేల్చలేమని నా మొండి వాదన.

ఫిబ్రవరి

మొదట చేసింది ఏమీ కొట్టకపోవడం. ఇది చెప్పినంత సులువు కాదు, మాడిన మట్టలు వేలాడుతుంటే దారిన పోయే ప్రతివాడూ కొడవలి అడుగుతాడు. పూర్తిగా ఎండినవి మాత్రం తీయించాం. సగం పచ్చగా, జానెడు పచ్చగా ఉన్న మట్ట కూడా ఉంచేశాం, ఎందుకంటే ఇప్పుడు చెట్టుకు తిండి వండేది ఆ జానెడే. పైగా పాత మట్టలోని పొటాషును లాక్కునే చెట్టు కొత్త ఆకు కడుతుంది, పచ్చ మట్ట కొట్టామంటే ఆ నిల్వ కూడా పోయినట్టే.

తర్వాత గీతలు. ఇది బావమరిది చెప్పిన ఉపాయం, నాకు బాగా నచ్చింది. మధ్యలో ఇంకా విచ్చుకోని మొవ్వాకు ఈటెలా నిలబడి ఉంటుంది కదా, దాని మీద, దాన్ని ఆనుకున్న మట్ట మీద కలిపి పర్మనెంట్ మార్కర్‌తో ఒకే అడ్డగీత గీయాలి. పక్క మట్ట పెరగడం ఆగిపోయినది, అది కదలదు. మొవ్వాకు లోపల నుంచి తోసుకొస్తుంటే దాని మీది గీత పైకి జరుగుతుంది. నిచ్చెనెక్కి స్కేలు పెట్టి ఎంత జరిగిందో చూసుకోవడమే. రెండు, మూడు, నాలుగు చెట్లకు గీశాను. మూడో చెట్టు మొవ్వాకు కొస మాడినా మొదట్లో గట్టిగా, పచ్చగా ఉంది. నాలుగోదాని మొవ్వాకు మొత్తం పసుపు కలిసిన గోధుమ రంగు, కానీ పట్టుకుని లాగితే రాలేదు.

మొవ్వులోకి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు మూడు గ్రాములు కలిపి పోశాం. మంట వల్ల చచ్చిన కండలోకి బూజు, బాక్టీరియా దిగడమే అసలు ప్రమాదం. చలికి మాడిన చెట్లను కూడా చాలాసార్లు చలి చంపదు, తర్వాత వచ్చే కుళ్ళే చంపుతుంది. రాగి మందు మళ్ళీ మళ్ళీ పోయకూడదు, రాగి ఎక్కువైతే లేత కండను అదే కాలుస్తుంది. ఎరువు వేద్దామా అని చిన్నాయన అడిగాడు. ఇప్పుడొద్దన్నాను, తినే నోరు లేనప్పుడు వడ్డించి ఏం లాభం. నీళ్ళు మాత్రం పాదుకు మామూలుగా, పైన టెంకాయ పీచు పరిచి.

ఐదో చెట్టు గురించి అందరూ తప్పు లెక్క వేస్తున్నారు. "మాను కాలిపోయింది సార్, ఇంకేం బతుకుతుంది" అని కాయలు దించే ఆయన కూడా అన్నాడు. మామిడి మానుకైతే ఆ మాట నిజం. అక్కడ బెరడు కిందే ప్రాణమున్న పలచటి పొర ఉంటుంది, చుట్టూ అది కాలితే చెట్టు చస్తుంది. టెంకాయ మానులో ఆ పొరే లేదు. నీళ్ళూ ఆహారమూ మోసే నారలు మాను లోపలంతా చెల్లాచెదురుగా ఉంటాయి, పై అంగుళం బొగ్గయినా లోపలివి పని చేస్తాయి. కాకపోతే దీనికి ఇంకో వైపుంది: టెంకాయ మాను గాయం ఎప్పటికీ మానదు. కొత్త బెరడు కట్టదు, గుంట పడితే గుంటగానే ఉంటుంది. అందుకే పగిలిన చోట తారు పూశాం, లేకపోతే ఎర్రముక్కు పురుగు వాసన పట్టి వచ్చి అక్కడే గుడ్లు పెడుతుంది.

మార్చి

నాలుగో చెట్టు మొవ్వాకు ఊడొచ్చింది. గీత ఇసుమంతైనా జరగలేదని చూసి, రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగాను అంతే, కత్తి ఒరలో నుంచి జారినంత తేలిగ్గా చేతికొచ్చేసింది. మొదలు జానెడు మేర గోధుమ రంగు గుజ్జు, వాసనైతే చెప్పక్కర్లేదు, నిచ్చెన పట్టుకున్న మా తమ్ముడు కిందే ముక్కు మూసుకున్నాడు. చిన్నాయన చేతులు దులిపేసుకున్నాడు. మొవ్వాకు ఊడితే చెట్టు పోయినట్టే అని ఊళ్ళో లెక్క. లాగి చూడటమనే పరీక్ష మంచిదే కానీ అది చెప్పేది ఆ ఆకు కుళ్ళిందని, దాని కిందున్న కన్ను, అంటే చెట్టు పెరిగే ఆ ఒక్క చోటు, కుళ్ళిందని కాదు. కన్ను ఇంకా లోతుగా ఉంటుంది.

కాబట్టి శుభ్రం చేశాం. సన్నటి కత్తితో కుళ్ళిన పొర పొరా తీసుకుంటూ పోయాం, తెల్లటి, గట్టి కండ తగిలేదాకా. తగిలింది. అది చూడగానే నాకు సగం టెన్షన్ తగ్గింది. దాని మీద బోర్డో పేస్టు పూశాం. నూరు గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్ళలో, నూరు గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో వేరువేరుగా కలిపి, తర్వాత రెండూ ఒకచోట పోయాలి. ప్లాస్టిక్ బకెట్లో లేదా మట్టి పాత్రలో కలపాలి, ఇనుప డబ్బాలో వద్దు. సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే తళతళలాడే కత్తి మొన ఒక నిమిషం ముంచి తీయండి, ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాలలేదని, ఇంకాస్త కలపండి. మాకు మొదటిసారి పూత పడింది. సున్నం పాతది, గాలికి చచ్చిపోయి ఉన్నట్టుంది, కొత్త సున్నపురాయి తెచ్చి విరిచాక కుదిరింది. పూసి పైన మట్టి కుండ బోర్లించాం, వాన నీళ్ళు దిగకుండా. చెట్టు తల మీద కుండ చూసి దిష్టి కుండ అనుకున్నవాళ్ళున్నారు, అనుకోనీ.

రెండో చెట్టు గీత జరిగింది. మూడోది కూడా, రెండోదాని కంటే ఎక్కువే జరిగింది. పార్టీ ఇవ్వమన్నాడు తమ్ముడు.

ఏప్రిల్, మే

ఎండలు. ఈ నెలల్లో చెప్పుకోదగ్గ మార్పు రెండో చెట్టుదే. మొవ్వాకు విచ్చుకుంది, చూస్తే నవ్వొచ్చింది. కొస సగం లేదు, ఈనెలన్నీ కత్తిరించినట్టు ఒకే వరసలో ఆగిపోయాయి, మిగిలినవి ముడతలు విప్పుకోలేక ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. తెలియనివాడికి అది కొమ్ము పురుగు కొట్టుడులా కనిపిస్తుంది. కానీ పురుగు కొట్టిన ఆకులో వి ఆకారంలో కోత పడుతుంది, ఇక్కడ అలా లేదు. లెక్క ఏమిటంటే ఆకు పెరిగేది మొదలు నుంచి, కొస ముందే తయారై బయటికి దగ్గరగా ఉంటుంది. మంట తగిలిన రోజున బయటికి దగ్గరున్నంత మేర మాడింది, లోతుగా ఉన్నది బతికింది. అలాగైతే తర్వాతి ఆకులో తక్కువ మాడి ఉండాలి, ఆ తర్వాతిదానిలో ఇంకా తక్కువ. బావమరిది తన వాషింగ్టోనియా పాత ఫోటోలు పంపాడు. మొదటి విసనకర్ర సగానికి తెగింది, రెండోదాని అంచులు మాత్రమే మాడాయి, మూడోది నిండుగా ఉంది. చలి చేసినా, మంట చేసినా ఆకు మీద పడే ముద్ర ఒకటేనన్నమాట.

మూడో చెట్టు గీత ఏప్రిల్ మధ్యలో ఆగిపోయింది. అప్పటిదాకా జరిగినది జరిగినట్టే ఆగింది. మొవ్వాకు పచ్చదనం తగ్గుతూ వచ్చింది. మే మొదట్లో లాగితే కొంచెం బిగువుగానే అయినా ఊడొచ్చింది. పొరలు తీశాం, తెల్ల కండ కోసం వెతికాం, ఎంత లోతుకు పోయినా గోధుమ రంగే, మధ్యలో చేతి వేలు దిగే బోలు. దీని గురించి చాలాసేపు ఆలోచించాను. మరి గీత ఎందుకు జరిగింది? సగం తయారైన ఆకు, కన్ను చచ్చాక కూడా తనలో ఉన్న సత్తువతో కొంత దూరం సాగుతుంది. అది చెట్టు బతికినట్టు గుర్తు కాదు, ఆ ఒక్క ఆకు పూర్తవడం అంతే. కాబట్టి మొదటి ఆకు కదిలిందని పండగ చేసుకోకూడదు. రెండో ఆకు, వీలైతే మూడోది, మంట తర్వాత పుట్టుకొచ్చి బయటపడితేనే నమ్మాలి. మామూలుగా టెంకాయ నెలకో ఆకు చొప్పున ఏడాదికి పన్నెండు నుంచి పద్నాలుగు వేస్తుంది, దెబ్బ తిన్న చెట్టు అంతకంటే నిదానం. అంటే తీర్పుకు నెలలు పడతాయి, వారాలు కాదు.

వాడి క్వీన్ పామ్ కూడా ఇలాగే ఏప్రిల్‌లో కాస్త పచ్చగా తోసి ఆశపెట్టి తర్వాత కూలిందట. చలికి ఇంకో పోటు కూడా ఉంది: మానులో నీళ్ళు మోసే నారలు దెబ్బతింటే బయటికి ఏమీ తెలియదు, ఎండ ముదిరి నీళ్ళ అవసరం పెరిగినప్పుడు తలంతా ఒక్కసారిగా వాలిపోతుంది. మన మంటకు ఆ బాధ తక్కువ. ఐదో చెట్టు మేలో నలభై దాటిన ఎండకు కూడా తలెత్తుకునే నిలబడింది, కాయలు దించే ఆయన ఇప్పుడు దాని మాటెత్తడం లేదు.

జులై

మూడో చెట్టు మాను మీద చిన్న రంధ్రాలు, వాటిలో నుంచి ఎర్రటి జిగురు, నమిలి ఉమ్మినట్టు పీచు. చెవి ఆనించి వింటే లోపల కరకర. ఎర్రముక్కు పురుగు. ఇంక వాదన లేదు, అదే రోజు కొట్టించి, మాను చీల్చి, పురుగులతో సహా తగలబెట్టాం. చచ్చిన చెట్టును జాలితో ఉంచితే అది పక్క చెట్లకు పురుగుల నర్సరీ అవుతుంది, ఆగమని నేను చెప్పే మాట చచ్చిందని తేలిన చెట్టుకు వర్తించదు. మిగిలిన నాలుగింటి మట్టల సందుల్లో కలరా ఉండలు రెండు మూడు చొప్పున పెట్టి పైన ఇసుక కప్పాం, కొమ్ము పురుగు కోసం. అది చేసిన కన్నం వాసనకే ఎర్రముక్కు వస్తుంది కాబట్టి ముందు దాని సంగతి చూడాలి.

నెలాఖరులో కుండ ఎత్తి చూశాను. నాలుగో చెట్టు, మొవ్వాకు ఊడి చేతికొచ్చిన ఆ చెట్టు, పేస్టు పొరను పక్కకు నెట్టుకుని బొటనవేలంత తెల్లటి మొన బయటపెట్టింది. వంకరగా ఉంది. రెండు ఆకులు కలిసి పుట్టాయా అన్నట్టు మెలిక తిరిగింది. చిన్నాయనను నిచ్చెన ఎక్కించి చూపించాను. ఆయన కాసేపు చూసి, "కుండ తీసెయ్, గాలి ఆడనీ" అన్నాడు. అంతకంటే పెద్ద ఒప్పుకోలు ఆయన దగ్గర ఆశించలేం.

గట్టిగా ఉన్న మొవ్వాకు చెట్టు చచ్చింది, ఊడిన మొవ్వాకు చెట్టు బతికింది. ఒక్క పరీక్షతో తేల్చేసి ఉంటే మార్చిలో నాలుగోదాన్ని కొట్టి మూడోదాన్ని ఉంచేవాళ్ళం.

అక్టోబరు, నవంబరు

మనకు అసలు గండం ఈశాన్య వానలు. మొవ్వుకుళ్ళుకు తడి కావాలి, అది ఈ రెండు నెలల్లో కావలసినంత. వానలకు ముందే నాలుగు చెట్లకూ ఒక శాతం బోర్డో మిశ్రమం కొట్టాం. అంటే వంద లీటర్ల నీళ్ళకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. ఏమీ కాలేదు, రాయడానికి కూడా ఏమీ లేదు.

కొత్త ఆకులు బయటపడ్డాక సెప్టెంబరులో మొదలుపెట్టిన ఎరువు గురించి ఒక మాట. అందరూ యూరియా వైపు చూస్తారు, పచ్చగా వస్తుందని. టెంకాయకు కావలసింది అంతకంటే పొటాషు. ఎదిగిన చెట్టుకు ఏడాదికి నత్రజని 500 గ్రాములైతే పొటాషు 1,200 గ్రాములు సిఫారసు. మేం అందులో సగంతో మొదలుపెట్టాం, మానుకు దూరంగా పాదు అంచున వేసి, వేపపిండి కలిపి.

డిసెంబరు

రెండో చెట్టుకు నిండైన ఆకులు వస్తున్నాయి, తెగిన ఆకులు కిందికి దిగి రెండో వరసలో కలిసిపోయాయి. నాలుగోదాని మెలిక ఆకు అలాగే ఎండింది, దాని తర్వాతిది పొట్టిగా అయినా తిన్నగా వచ్చింది, మూడో ఆకు మొవ్వులో ఉంది, గీత జరుగుతోంది. ఒకటి, ఐదు మామూలే.

కాయల సంగతి వేరు. ఉన్న పిందెలన్నీ మార్చిలోపే రాలిపోయాయి. చిన్నాయన వచ్చే సంక్రాంతికి కాయలు చూస్తాననుకుంటున్నాడు, నేను ఆశ పెట్టడం లేదు. టెంకాయ గెల మొలక బయటికి కనిపించడానికి రెండున్నరేళ్ళ ముందే లోపల మొదలవుతుంది, పూత విచ్చుకున్నాక కాయ ముదరడానికి ఇంకో ఏడాది. అంటే మంట రోజున లోపలున్న గెలలు ఎంత దెబ్బ తిన్నాయో వచ్చే రెండు మూడేళ్ళలో ఒక్కొక్కటిగా బయటపడుతుంది. రెండో చెట్టుకు ఒక పొత్తి (పూగెలను మూసి ఉంచే తొడుగు) వచ్చింది, విప్పితే లోపల సగం నల్లగా ఉంది.

పక్క చేను వాళ్ళతో కూర్చుని మాట్లాడాం. ఈసారి సోగ కాల్చకుండా సాళ్ళ మధ్య పరుస్తామన్నారు, కార్శి తోటకు, అంటే నరికిన మోళ్ళ నుంచే మళ్ళీ వచ్చే చెరుకుకు, అది తేమ కూడా కాపాడుతుంది. మాటైతే ఇచ్చారు. అయినా గట్టు పొడవునా పది అడుగులు మేమే దున్ని ఖాళీగా పెట్టించాం.

ఒక పని మిగిలింది. నాలుగో చెట్టు మొవ్వు దెబ్బతిన్న చోట మాను సన్నగా కట్టి ఉంటుంది, కొన్నేళ్ళకు అక్కడి మట్టలు రాలాక అది మెడ నొక్కినట్టు బయటపడుతుంది, టెంకాయ మాను తర్వాత లావెక్కదు కాబట్టి అది అలాగే ఉండిపోతుంది. గాలివానకు విరిగితే విరిగేది ఆ మెడ దగ్గరే. దాని కింద కట్టాలనుకున్న మోటారు షెడ్డును ఒకటో చెట్టు అవతలికి జరపమని మేస్త్రీకి చెప్పాం, ముగ్గు కూడా మళ్ళీ పోశారు.